తీపి మూత్రం నుంచి వేలి చివరి రక్తపు చుక్క దాకా: మన దేశంలో షుగర్ వ్యాధి చరిత్ర

మధుమేహం అనగానే మనలో చాలామంది నోట్స్‌లో అది రెండు చోట్ల ఉంటుంది. సైన్స్ అండ్ టెక్నాలజీలో ఇన్సులిన్, క్లోమం, బీటా కణాలు. జీఎస్-2లో ఎన్‌పీ-ఎన్‌సీడీ పథకం, నవంబర్ 14 ప్రపంచ మధుమేహ దినం. టిక్ పెట్టి ముందుకు వెళ్లిపోతాం. ఈ వ్యాసంలో మాత్రం మీరు దీన్ని జీఎస్-1 కళ్లతో, అంటే చరిత్రగా, సమాజంగా చదవండి. ఈ జబ్బును ఎవరు కొలిచారు, ఆ కొలత రోగి చేతికి ఎప్పుడొచ్చింది అని అడుగుతూ పోతే వలస పాలన, ప్రవాస కూలీలు, రేషన్ బియ్యం, పేటెంట్ చట్టం అన్నీ దారిలో తగులుతాయి.

మొదట ప్రాచీన భాగం. ఇక్కడే ఎక్కువమంది జవాబులు దెబ్బతింటాయి కాబట్టి కొంచెం ఆగి చదవండి. చరక, సుశ్రుత సంహితలు ప్రమేహాలను ఇరవై రకాలుగా చెప్పి, అందులో ఒకదాన్ని మధుమేహం అన్నాయి. మూత్రం తేనెలా తియ్యగా ఉంటుందని, దానికి చీమలు పడతాయని గమనించాయి. సుశ్రుత సంహిత ఇంకో అడుగు ముందుకు వేసి, పుట్టుకతో వచ్చేది, అపథ్యం వల్ల వచ్చేది అని రెండుగా విడదీసింది. మొదటి రకం మనిషి బక్కచిక్కి ఉంటాడు, దాహం ఎక్కువ. రెండో రకం మనిషి లావుగా ఉంటాడు, తిండి ఎక్కువ, పడకను వదలడు. చికిత్స చూడండి, ఇంకా ఆసక్తిగా ఉంటుంది: బీదవాడైతే చెప్పులు, గొడుగు లేకుండా భిక్ష ఎత్తుకుంటూ నూరు యోజనాలు నడవాలట, లేదా బావి తవ్వాలట. కలవాడైతే మునిలా అడవి ధాన్యాలు తిని బతకాలట. ఒకే జబ్బుకు వర్గాన్ని బట్టి రెండు చీట్లు రాసిన వైద్యం అది. సమాజ చరిత్ర విద్యార్థికి చీమల కంటే ఈ నడక ముఖ్యం.

కానీ "సుశ్రుతుడు టైప్-1, టైప్-2 కనిపెట్టాడు" అని మెయిన్స్‌లో రాయకండి. ఈ సంహితలు ఒక్క రోజున, ఒక్క చేతితో రాసినవి కావు. శతాబ్దాల పాటు పొరలు పొరలుగా పెరిగిన గ్రంథాలు. వాళ్లకు క్లోమంతో ఈ జబ్బుకున్న సంబంధం తెలియదు, రక్తంలో చక్కెర అనే ఊహ లేదు. వాళ్లు చేసింది చాలా నిశితమైన పరిశీలన. దాన్ని పరిశీలనగా మెచ్చుకుంటే సరిపోతుంది.

యూరప్ కథ మీకు తెలిసిందే, వేగంగా చెప్పేస్తాను. 1674లో ఇంగ్లండ్‌లో థామస్ విల్లిస్ మూత్రం తీపి గురించి రాశాడు. 1776లో మాథ్యూ డాబ్సన్ ఆ తీపి చక్కెరే అని, అది రక్తంలో కూడా ఉందని చూపాడు. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ ఒక కుక్కకు క్లోమం తీసేసి, దానికి మధుమేహం రావడం గమనించారు.

మన దేశానికి సంబంధించి నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే సంవత్సరం 1907. ఆ ఏడాది ఎక్సెటర్‌లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ సమావేశంలో 'ఉష్ణమండలంలో మధుమేహం' అనే చర్చ జరిగింది. కలకత్తాలో పనిచేసిన హేవ్‌లాక్ చార్లెస్ పాల్గొన్నాడు, కైలాస్ చంద్ర బోస్ వంటి బెంగాలీ వైద్యుల అభిప్రాయాలూ నమోదయ్యాయి. ఆ చర్చలో రోగి బొమ్మ ఎవరిదో ఊహించగలరా? బెంగాలీ భద్రలోకుడిది. జడ్జి, వకీలు, డిప్యూటీ మేజిస్ట్రేటు, జమీందారు. రోజంతా కుర్చీలో కూర్చుని పుస్తకాలు, ఫైళ్లు తిరగేసే మనిషి. అన్నం, నెయ్యి, మిఠాయి, మెదడు శ్రమ, వ్యాయామం లేకపోవడం. ఒక రకంగా అది మన పూర్వీకుల వర్ణన. సర్వీసు పరీక్ష రాసి గెలిచినవాడి జబ్బు.

ఇందులో నిజం కొంత, వలసవాద చూపు కొంత కలిసి ఉన్నాయి. కూర్చుని బతికేవారికి ఈ జబ్బు ఎక్కువని గమనించడం నిజమే. కానీ డాక్టరు దగ్గరికి వచ్చి మూత్రం పరీక్ష చేయించుకునే స్తోమత ఎవరికి ఉంది? వకీలుకే కదా. రైతు కూలీ ఎందుకు నీరసించి చనిపోయాడో ఎవరూ పరీక్షించలేదు. కరువు, మలేరియా, ప్లేగు ఉన్న దేశంలో ఆ చావు ఏదో ఒక 'జ్వరం' గడిలో పడిపోయి ఉంటుంది. కాబట్టి 'ధనవంతుల జబ్బు' అనే ముద్ర జబ్బును ఎంత చెబుతుందో, కొలిచేవాడు ఎక్కడ నిలబడి కొలిచాడో అంతే చెబుతుంది. ఈ ముద్ర తర్వాత వందేళ్ల పాటు మన ఆరోగ్య విధానాన్ని పక్కదారి పట్టించిందని నా అభిప్రాయం.

ఆ కాలపు రోగుల్లో మీకు బాగా తెలిసిన పేరు ఒకటి ఉంది: బాల గంగాధర్ తిలక్. 1908లో రాజద్రోహం కేసులో ఆరేళ్ల శిక్ష పడి మాండలే జైలుకు వెళ్లేనాటికే ఆయనకు మధుమేహం ఉంది. అప్పటికి ఇన్సులిన్ లేదు, మాత్రలు లేవు, ఆహార నియమం ఒక్కటే మార్గం. గీతా రహస్యం ఆ స్థితిలో, ఆ జైల్లో రాసిన పుస్తకం. ఆధునిక చరిత్ర పుస్తకాల్లో మాండలే అంటే ఒక వాక్యం. ఆ వాక్యం వెనక ఆరేళ్ల పథ్యం ఉంది.

ఇక 1921-22. టొరంటోలో బాంటింగ్, బెస్ట్, మాక్లియాడ్, కొలిప్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి మొదట ఇచ్చారు. అంతకుముందు టైప్-1 వచ్చిన పిల్లలకు వైద్యులు ఇచ్చిన 'చికిత్స' దాదాపు ఉపవాసమే, చావును కొన్ని నెలలు వాయిదా వేయడం. పేటెంటు హక్కును ఆవిష్కర్తలు టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక డాలరుకు ఇచ్చేశారు. ఎథిక్స్ పేపర్‌కు ఇది మంచి ఉదాహరణ, అయితే అక్కడితో ఆపకండి. పేటెంటు ఒక డాలరు, కానీ మందు కబేళాల నుంచి వచ్చే ఆవు, పంది క్లోమాల నుంచి తీయాలి, చల్లగా ఉంచాలి, సిరంజి కావాలి. ఐస్ దొరకని జిల్లాకు ఆ డాలరు దానం చేరలేదు. 1978లో బాక్టీరియాతో మానవ ఇన్సులిన్ తయారుచేయడం సాధ్యమైంది, 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన దేశీ రీకాంబినెంట్ ఇన్సులిన్లు మార్కెట్లోకి రావడానికి 2003-04 దాకా పట్టింది.

మాత్రల సంగతి వేరు. మెట్‌ఫార్మిన్‌ను 1957లో ఫ్రాన్స్‌లో జీన్ స్టెర్న్ మనుషుల్లో వాడి ఫలితాలు ప్రకటించాడు. 1970 పేటెంట్ చట్టం మందు మీద కాక తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇవ్వడం, హైదరాబాద్ బాలానగర్‌లో ఐడీపీఎల్ కర్మాగారం ఒక తరం కెమిస్టులను తయారుచేయడం, వాళ్ల నుంచి చుట్టుపక్కల బల్క్ డ్రగ్ పరిశ్రమ పుట్టడం, ఇవన్నీ కలిసి మందుల ధరను నేలకు దించాయి. మీ ఊళ్లో పెద్దవాళ్లు చొక్కా జేబులో వేసుకు తిరిగే షుగర్ బిళ్ల చవకగా ఉండటం వెనక ప్రభుత్వ రంగం, చట్టం రెండూ ఉన్నాయి. ఎకానమీలో పారిశ్రామిక విధానం చదివేటప్పుడు ఈ బిళ్లను గుర్తుచేసుకోండి.

ఇప్పుడు కొలత దగ్గరికి వద్దాం. నాకు ఈ భాగం దగ్గరిది. కారణం దాచడం ఎందుకు, నాకు బీటెక్ రెండో ఏడాదిలో టైప్-1 బయటపడింది. రోజుకు నాలుగు ఇంజెక్షన్లు, నాలుగైదు సార్లు వేలి పోట్లు. అందుకే ఈ చరిత్రను నేను వేళ్లతో చదివానని అనుకోండి.

ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం రోగి ఇంట్లో చేసుకోగలిగింది బెనెడిక్ట్ పరీక్ష. నీలం ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం వేసి కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు, ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. మన ఇంటర్ ప్రాక్టికల్స్‌లో చేసిందే. దీనిలో లోపం ఎక్కడుందో చూడండి. రక్తంలో చక్కెర దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితే కానీ అది మూత్రంలోకి రాదు. అంటే ద్రావణం నీలంగా ఉంటే మీ చక్కెర 150 కావచ్చు, 100 కావచ్చు, 40 కూడా కావచ్చు. 40 అంటే స్పృహ తప్పే స్థితి. 'బాగుంది' అని చెప్పే రంగూ, 'పడిపోతున్నావు' అని చెప్పాల్సిన రంగూ ఒకటే. పైగా అది కొన్ని గంటల కిందటి వార్త.

ఇంజనీరింగ్ చదివినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కంట్రోల్ సిస్టమ్స్‌లో ఫీడ్‌బ్యాక్ లేని వ్యవస్థను ఓపెన్ లూప్ అంటాం. 1922 నుంచి దాదాపు అరవై ఏళ్లు ఇన్సులిన్ వాడిన వాళ్లంతా ఓపెన్ లూప్‌లో బతికారు. మందు ఉంది, అంకె లేదు.

అంకెను ఇంటికి తెచ్చిన కథలో ఒక ఇంజనీరు ఉన్నాడు. రిచర్డ్ బెర్న్‌స్టీన్, అమెరికన్, 12వ ఏట 1946లో టైప్-1 వచ్చింది. 1965 ప్రాంతంలో రక్తపు చుక్క వేస్తే రంగు మారే డెక్‌స్ట్రోస్టిక్స్ పట్టీలు వచ్చాయి, తర్వాత ఆ రంగును చదివే యంత్రం వచ్చింది. కిలోకు పైగా బరువు, వందల డాలర్ల ధర, అమ్మేది డాక్టర్లకు మాత్రమే. బెర్న్‌స్టీన్ భార్య డాక్టరు కాబట్టి ఆమె పేరు మీద కొన్నాడు. రోజుకు ఐదారు సార్లు కొలుచుకుని, తిండిని, మందును ఆ అంకెలకు తగ్గట్టు మార్చుకున్నాడు. ఫలితాలు రాసి పంపితే వైద్య పత్రికలు తీసుకోలేదు, రాసింది డాక్టరు కాదు కదా. చివరికి 45వ ఏట వైద్య కళాశాలలో చేరి డాక్టరయ్యాడు. అటెంప్టులు అయిపోతున్నాయని, వయసు దాటుతోందని బెంగపడే మనకు ఈ మనిషి గురించి ఎవరూ ఎందుకు చెప్పరో నాకు ఆశ్చర్యం.

ఆయన ఒంటి మీద చేసిన ప్రయోగానికి పెద్ద ఎత్తున రుజువు 1993లో వచ్చింది. డీసీసీటీ అనే అధ్యయనంలో 1,441 మంది టైప్-1 రోగులను సగటున ఆరున్నరేళ్లు గమనించారు. చక్కెరను కట్టుదిట్టంగా ఉంచుకున్నవారిలో కంటి రెటీనా జబ్బు కొత్తగా వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. దానికి కొలమానంగా వాడిన హెచ్‌బీఏ1సీ పరీక్షకు మూలం టెహ్రాన్‌లో ఉంది. 1960ల చివర్లో సామ్యూల్ రహ్బర్ అనే ఇరానీ శాస్త్రవేత్త మధుమేహుల రక్తంలో ఒక తేడా హిమోగ్లోబిన్ గమనించాడు. మూడు నెలల సగటును ఒక్క అంకెలో చెప్పే పరీక్ష అలా పుట్టింది.

మన దేశంలో ఆ అంకె ధర ఎంతో ఒకసారి లెక్క వేయండి. మీటరు చవకే, స్ట్రిప్పు కాదు. నేను కొనే స్ట్రిప్పు ఒక్కోటి సుమారు 20 రూపాయలు. రోజుకు నాలుగు అంటే నెలకు 2,400. హాస్టల్ గది పంచుకునే మనిషికి అది సగం నెల మెస్ బిల్లు. అందుకే టైప్-1 ఉన్న చాలామంది స్ట్రిప్పులు పొదుపు చేసి, అంచనా మీద ఇంజెక్షన్ తీసుకుంటారు. అంటే 2020ల్లో కూడా డబ్బు లేక ఓపెన్ లూప్‌లోకి వెనక్కి వెళ్తారు.

రోజువారీ బతుకు ఎలా ఉంటుందో రెండు మాటలు. ఇంట్లో అమ్మ "చేదు తింటే తీపి విరుగుతుంది నాన్నా" అని కాకరకాయ వండుతుంది. ప్రేమగా తింటాను, ఇన్సులిన్ మాత్రం మానను. రాగి సంకటి తిన్నా మీటర్లో అంకె పెరుగుతుంది. వరి అన్నం కంటే కడుపు నిండినట్టు ఉంటుంది, కానీ అదీ పిండిపదార్థమే, ముద్ద సైజు లెక్కే. పప్పు, కూర ముందు తిని అన్నం తర్వాత తింటే నా అంకె నెమ్మదిగా పెరుగుతుంది. అన్నిటికంటే భయం 'లో' అవడం. 70 కిందికి పడితే చెమటలు, చేతుల వణుకు, చదివిన వాక్యమే మళ్లీ చదవడం. అప్పుడు మూడు చెంచాల చక్కెర, పావుగంట ఆగి మళ్లీ కొలత. ఒక పరీక్షా కేంద్రంలో ఇన్విజిలేటరు నా గ్లూకోజ్ పొడి, మీటరు ఉన్న పౌచ్‌ను గది బయట పెట్టించారు. రెండు గంటల పేపర్లో నా దృష్టిలో సగం తలుపు మీదే ఉంది. 2017లో సీబీఎస్ఈ తన బోర్డు పరీక్షల్లో మధుమేహం ఉన్న పిల్లలు తినుబండారాలు వెంట తెచ్చుకోవచ్చని అనుమతించింది. 2023లో బాలల హక్కుల జాతీయ కమిషన్ అలాంటి ఏర్పాట్లు చేయమని రాష్ట్రాలకు రాసింది. అవి పిల్లల కోసం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మధుమేహం లేదు. ప్రిలిమ్స్‌కు ఇది ఫ్యాక్టు, నాలాంటి వారికి బల్ల మీద పౌచ్ ఉండొచ్చా లేదా అనే ప్రశ్న.

ఇక పెద్ద ప్రశ్న: మనకే ఎందుకింత ఎక్కువ? 1972-75లో ఐసీఎంఆర్ సర్వే పట్టణాల్లో 2.1 శాతం, గ్రామాల్లో 1.5 శాతం అని తేల్చింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 11.4 శాతం, అంటే 10.1 కోట్ల మంది అంది. మరో 13.6 కోట్ల మంది మధుమేహ పూర్వ దశలో ఉన్నారు. పరీక్షా పద్ధతులు, వయసు పరిమితులు వేరు కాబట్టి రెండు అంకెలను నేరుగా భాగించి 'ఇన్ని రెట్లు' అని రాయకండి. దిశ మాత్రం స్పష్టం. గోవాలో 26.4 శాతం, ఉత్తరప్రదేశ్‌లో 4.8 శాతం. కానీ యూపీలో ఒక్కో రోగికి దాదాపు నలుగురు పూర్వ దశలో ఉన్నారు. రాబోయే కథ అక్కడ ఉంది.

కారణంగా మొదట చెప్పింది జన్యువులు. 1962లో జేమ్స్ నీల్ 'పొదుపు జన్యువు' సిద్ధాంతం పెట్టాడు: కరువుల్లో కొవ్వు దాచుకున్నవాడు బతికాడు, సమృద్ధిలో అదే శాపమైంది. ప్రవాస భారతీయులు దీనికి సాక్ష్యంలా కనిపించారు. 1984లో లండన్ సౌతాల్‌లో జరిగిన సర్వేలో దక్షిణాసియా వారిలో మధుమేహం యూరోపియన్ల కంటే దాదాపు నాలుగు రెట్లు ఉంది. నేటాల్, ఫిజీ, మారిషస్‌లలో చెరకు తోటల కోసం ఒప్పంద కూలీలుగా వెళ్లిన వారి సంతతిలోనూ ఎక్కువే. ఆ ఓడల్లో మన కోస్తా జిల్లాల తెలుగువారూ ఉన్నారు. ప్రపంచానికి చక్కెర పండించడానికి వెళ్లిన కూలీల మనవలకు చక్కెర జబ్బు! అయితే 1987 మారిషస్ సర్వే ఒక చిక్కు తెచ్చింది. అక్కడ భారతీయుల్లోనే కాదు, క్రియోల్, చైనా సంతతి వారిలో కూడా రేటు ఎక్కువే. మూడు వేర్వేరు మూలాలు, ఒకే ద్వీపం, ఒకే మార్పు. అప్పుడు జన్యువు ఒక్కటే కారణమని ఎలా అంటాం?

పుణె కేఈఎం ఆసుపత్రికి చెందిన యాజ్ఞిక్ బృందం సమాధానాన్ని తల్లి గర్భంలో వెతికింది. పుణె దగ్గర పల్లెల్లో శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్ సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు. కండరం, అవయవాలు చిన్నవి, కానీ కొవ్వు ఆ మేరకు తగ్గలేదు. సన్నగా కనిపించే కొవ్వు బిడ్డ. 2004లో లాన్సెట్‌లో యాజ్ఞిక్, ఆయన బ్రిటిష్ సహచరుడు యుడ్కిన్ తమ ఫొటోనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3, కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తల్లి తినకపోతే బిడ్డ శరీరం కరువుకు సిద్ధమై పుడుతుంది. ఆ బిడ్డ పెద్దయ్యాక పట్నం తిండి దొరుకుతుంది. 1876-78 మద్రాసు కరువు చదివేటప్పుడు మృతుల సంఖ్య రాసుకుంటాం. బతికినవారి ఒళ్లు ఏం మోసుకొచ్చిందనేది ఇంకా పరిశోధన దశలోనే ఉన్న ప్రశ్న, అందుకే అక్కడ 'కావచ్చు' అని రాయండి.

పళ్లెం మారిన కథ మనకు బాగా తెలుసు. రాయలసీమ, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో జొన్న, రాగి, కొర్ర తిన్న ఇళ్లకు హరిత విప్లవం, ఆపై 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పథకం వరి అన్నాన్ని రోజువారీ తిండి చేశాయి. దీన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఆకలితో పడుకున్న ఇంటికి అది గౌరవం. కానీ పథకం కడుపు నింపిందే తప్ప పళ్లెంలో పప్పు పెంచలేదు, పొలం పనిలో యంత్రం దిగాక ఒంటి శ్రమా తగ్గింది. చిరుధాన్యాల మీద మళ్లీ మాట్లాడటానికి 2023 అంతర్జాతీయ సంవత్సరం దాకా ఆగాం.

మరి ప్రభుత్వం? ఏడో ప్రణాళిక కాలంలో కొన్ని జిల్లాల్లో మధుమేహ నియంత్రణ కార్యక్రమం మొదలై సాగలేదు. 'ధనవంతుల జబ్బు' ముద్ర ఇక్కడ పనిచేసిందని నా అనుమానం. 2010లో ఎన్‌పీసీడీసీఎస్ వచ్చింది, 2023లో పేరు మారింది. పల్లెల్లో నెలనెలా బీపీ, షుగర్ మాత్రలు తెచ్చిన 104 బండిని మన వాళ్లు పథకం పేరుతో కాక బండి నంబరుతోనే గుర్తుపెట్టుకున్నారు. టైప్-2కు ఇలా మాత్ర చేరింది. టైప్-1కు కావలసిన ఇన్సులిన్, స్ట్రిప్పు, ఫ్రిజ్ మూడూ ఒకేచోట చేరడం ఇంకా జిల్లాను బట్టి, అదృష్టాన్ని బట్టి ఉంది.

చివరగా, ఈసారి ప్రిలిమ్స్‌కు ఒకటి తప్పక చూసుకోండి. పోషకాహార లోపంతో వచ్చే మధుమేహాన్ని 1955లో జమైకాలో మొదట వర్ణించారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ప్రత్యేక రకంగా గుర్తించింది, 1999లో జాబితా నుంచి తీసేసింది. వెల్లూరు సీఎంసీ పరిశోధకులు అది వేరే జబ్బేనని 2022లో రుజువులు చూపారు. 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దానికి టైప్-5 అని పేరు పెట్టింది. 1907లో భద్రలోకుడి కుర్చీలో కనిపించిన జబ్బుకు, ఆకలితో సన్నబడినవాడి పేరు మీద ఒక అధికారిక గడి దొరకడానికి 118 ఏళ్లు పట్టింది.

సాధన కోసం ఒక ప్రశ్న, 250 పదాలు, 15 మార్కులు: "భారతదేశంలో మధుమేహం సంపన్నుల జబ్బు అనే భావన వ్యాధి స్వభావం కంటే వ్యాధిని కొలిచే వ్యవస్థ స్వభావాన్నే ఎక్కువ చూపుతుంది. చారిత్రక ఉదాహరణలతో చర్చించండి." జవాబు రాసి పంపండి, ఆదివారం కూర్చుని దిద్దుతాను.